పంటు ఆగే వేళ ఎవరూ చెప్పరేం?

సంపాదకుడు గారికి నమస్కారం.

మొంథా తుపాను వెళ్లిన మర్నాడో ఆ మర్నాడో మీ జిల్లా పేజీలో ఒక వార్త వేశారు. గోదావరి పాయల మధ్య దీవుల్లా ఉన్న మా లంకల జనం ఇళ్లు వదిలి రామని మొండికేశారట, అధికారులు బతిమాలీ బతిమాలీ విసిగిపోయారట. పక్కనే ఫొటో. పడవలో ఆరుగురు, ఆరుగురికీ నారింజరంగు లైఫ్ జాకెట్లు, మడత నలగనివి. వార్త పాతబడ్డాక ఇప్పుడెందుకు రాస్తున్నాడీయన అనుకుంటారేమో. పడవ నడిస్తేనే మాకు పేపరు. వారం రోజులవి ఒకేసారి కట్టగా వచ్చాయి. కోపం కూడా అలాగే కట్టగా వచ్చింది.

ముందు ఆ మొండితనం సంగతి చెబుతాను. 2025 అక్టోబరు 28 మంగళవారం రాత్రి తీరం దాటుతుందని టీవీల్లో ముందునుంచీ చెబుతూనే ఉన్నారు. వాతావరణ శాఖను తప్పుపట్టను. కాకినాడ చుట్టుపక్కల అన్నారు, నరసాపురానికి కాస్త దక్షిణంగా దాటింది, రోజు మాత్రం తప్పలేదు. మా రేవులో మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పంటును సోమవారం మధ్యాహ్నమే కట్టేశారు. కట్టెయ్యాల్సిందే. పాయలో అల లేచింది, 2018 జూలైలో పశువుల్లంక దగ్గర పడవ బోల్తాపడి బడిపిల్లలు కొట్టుకుపోయిన సంగతి ఇక్కడెవరూ మర్చిపోలేదు. నాటుపడవలు కూడా ఒడ్డుకెక్కించి తాళ్లు బిగించేశారు. మరి ఇళ్లు ఖాళీ చెయ్యండని చెప్పడానికి మనుషులొచ్చిందెప్పుడు? మంగళవారం పదకొండు గంటలకి. ఇంజిను పడవ మీద. పన్నెండు మంది పట్టే పడవలో ఆరుగురూ, పడవ నడిపే సరంగూ పోను మిగిలేది అయిదుగురికి చోటు. మైకులో చెప్పారు, ఫొటో తీసుకున్నారు, గాలి ఎక్కువవుతోందని ముప్పావుగంటలో వెళ్లిపోయారు. మూడొందల గడపలో ఆ అయిదుగురూ ఎవరో తేల్చుకోవడానికి మేం చీట్లు వేసుకోవాలి కాబోలు!

గోదావరి వరదకి మాకొక లెక్కుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. బడి మొహం చూడని ముసలమ్మ కూడా ఈ మూడంకెలూ చెబుతుంది. మొదటిది అనగానే బియ్యం అటకెక్కుతాయి, రెండోది అనేసరికి గొడ్లు ఏటిగట్టుకి చేరతాయి. నీళ్లు అక్కణ్ణుంచి మా దాకా రావడానికి ఎన్ని గంటలు పడుతుందో కూడా తెలుసు. వాయుగుండానికి అలాంటి గీతేదీ? అన్ని చానెళ్లలోనూ ఒకటే పాట, ఇన్ని గంటలకి తీరం దాటుతుందని. అది గట్టుమీద ఉన్నవాడికి పనికొచ్చే లెక్క. లంకలో ఉన్నవాడికి కావాల్సింది పంటు ఎప్పుడాగుతుంది అన్న కబురు. రేవు మూతపడితే మా మటుకు తుపాను అప్పుడే దాటేసినట్టు. ఈ ఒక్క ముక్క ముందురోజు పొద్దున చెబితే సగం లంక దానంతటదే ఖాళీ అవుతుంది. బతిమాలే పని ఉండదు.

మిగిలిన సగం ఎందుకు కదలదో కూడా మీ విలేకరి అడిగుంటే తెలిసేది. మా వీధి చివర ఒకావిడ, పెనిమిటి లేడు, నెలలు నిండిన చూడిగేదె ఒకటే ఆధారం. మైకు పట్టుకుని వచ్చినాయన ప్రాణం ముఖ్యమా గేదె ముఖ్యమా అని గదిమాడు. ఆవిడ నావైపు తిరిగి, "మాస్టారండీ, గేదెనెక్కించుకునే పడవుంటే చెప్పమనండి, ముందు నేనే ఎక్కుతాను, ఆయ్" అంది. ఆయన దగ్గర జవాబు లేదు. జవాబు లేని చోట మొండితనం అనే మాట బాగా పనికొస్తుంది. ఏటిగట్టు అవతల పశువులకి పాక, నాలుగు మోపుల ఎండుగడ్డి ఏర్పాటు చేసి, ఆ సంగతి ముందే చెప్పి చూడండి, ఎవరు మొండికేస్తారో.

పునరావాసం అంటూ మాకు ఉన్నదొక్క తుపాను షెల్టరు. ఏ లంకో రాయను. రాస్తే ఆ ఒక్కదానికీ సున్నం కొట్టి ఫొటో పంపిస్తారు, మిగతావి ఎప్పట్లాగే ఉంటాయి. స్తంభాల మీద కట్టిన మేడ అది. కింద ఖాళీగా వదిలింది నీళ్లు వచ్చినదారిన పోవడానికని కట్టినవాళ్లకి తెలుసు. తరవాత వచ్చినవాళ్లెవరో ఆ ఖాళీ చూసి అయ్యో వృథా అనుకుని ఇటుక గోడలు లేపి గోడౌను చేశారు. పైగదికి ఇనప తలుపు. తాళంచెవి ఎవరి దగ్గరుందని వాకబు చేస్తే, ఉన్నాయన మండలకేంద్రంలో కాపురం ఉంటున్నాడని తేలింది. ఫోన్ చేస్తే, పంటు లేదు కదండీ ఎలా వచ్చేది అన్నాడు. నిజమే, ఆయనకీ పంటు లేదు! చివరికి మంగళవారం నాలుగింటికి కుర్రాళ్లు గునపంతో తాళం పగలగొట్టారు. లోపల విరిగిన బెంచీలు, తుప్పుపట్టిన తూకం కాటా, పోయిన ఎన్నికల ఫ్లెక్సీలు. ఆ ఫ్లెక్సీలే పరుచుకుని ఆ రాత్రి నూటికి పైగా జనం పడుకున్నాం. నాయకుల మీద పడుకోవడం నాకదే మొదటిసారి. మరుగుదొడ్డి ఉంది, నీళ్లు లేవు. పైన ట్యాంకు ఉంది, దానికి గొట్టం లేదు. ఆడవాళ్లు ఆ గాలివానలో మెట్లు దిగి చీకట్లోకి వెళ్లి రావాల్సి వచ్చింది. ఇంతకన్నా రాయను.

అప్పటికీ ఇప్పటికీ తేడా లేదని అననండి. 1996 నవంబరు 6, బుధవారం, దీపావళికి నాలుగు రోజులుందనగా వచ్చిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్లలో ఏడవనిల్లు లేదు. ఆ రాత్రి ఒక్కో కొబ్బరిచెట్టు పడుతుంటే మంచం కింద నేల అదిరేది. తెల్లారి గుమ్మంలోకొస్తే అవతలి ఒడ్డున ఉన్న గుడిగోపురం కనపడింది. పుట్టి బుద్ధెరిగాక మా ఇంటినుంచి ఎప్పుడూ చూడలేదు దాన్ని, మధ్యలో అంత తోట ఉండేది. దాంతో పోలిస్తే ఈసారి ప్రాణనష్టం చాలా తక్కువ, సంతోషమే. అప్పట్లో తుపానులకు పేర్లు కూడా లేవు. మన సముద్రాల్లో పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. ఇప్పుడు మొంథా అంటే థాయ్ భాషలో సువాసనగల పువ్వు అని మీరు అరపేజీ వేశారు. బావుంది. ఆ అరపేజీలో ఏ రేవు ఏ వేళకి మూస్తారో వేసినా బావుండేది.

పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని పెద్దక్షరాలతో వేస్తారు. అది రేవులో ఓడలవాళ్లకి. లంకలో అరటితోట కౌలుకి చేసుకునేవాడికి దాంతో ఏంపని? పాతికేళ్లు పిల్లలకి సోషల్ చెప్పినవాణ్ణి, ఊరుకోలేక చెబుతున్నా. మనవైపు తుపానుగాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. వాయవ్యంగా వచ్చే తుపానుకి కుడిచేతివైపు తీరం మీదికి ఆ గాలి సముద్రాన్ని తోసుకుని వస్తుంది. నరసాపురం దగ్గర దాటితే కుడివైపు ఉన్నది ఎవరు? అంతర్వేది, ఓడలరేవు, కాట్రేనికోన, ఆ పక్క ఇసకతిప్పలు, లంకలు. ఏరు కలిసే మొగలోంచి సముద్రం ఎగదన్నితే పాయలో నీళ్లు దిగవు, పైన కురిసిన వానా దిగదు. ఆ వేళకి పోటు కూడా కలిస్తే ఇంక చెప్పక్కర్లేదు. 1789లోనూ, 1839లోనూ కోరంగిని ముంచింది ఇలాంటి ఉప్పెనే. అటు మడ అడవులు కాస్త మిగిలాయి కాబట్టి కాకినాడ చల్లగా ఉంది. ఇటు మడ కొట్టేసి రొయ్యల చెరువులు తవ్వినచోట అల సరాసరి ఇంట్లోకే వస్తుంది. జిల్లాపేజీలో ఒక పటం గీసి వేస్తే ఇదంతా అయిదోతరగతి పిల్లాడికి కూడా అర్థమవుతుంది. మీరు వేసిన పటంలో బాణంగుర్తు తప్ప ఊరిపేరొక్కటీ లేదు.

ఇక నష్టం లెక్కలు. పంట 33 శాతం పోతేగానీ నష్టం కాదట. ఈనికమీదున్న సార్వా (ఖరీఫ్) వరిచేను నీళ్లలో నాలుగురోజులు నానితే ఎంతశాతమో గట్టుమీద నిలబడి చూసి రాసేశారు. అరటి సరే, పడిపోయింది కాబట్టి కంటికి కనపడుతుంది. కొబ్బరిచెట్టుతోనే చిక్కు. నిలబడి ఉంటే బాగున్నట్టే లెక్క. మొవ్వు మెలిపడిన చెట్టుకి ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి, కొన్నాళ్లు గడిచాక గానీ తల వాల్చదు. 96 తరవాత అలా ఎన్ని పోయాయో మాకు తెలుసు. ఒకసారి లెక్కరాసి సంతకం పెట్టేశాక చచ్చిన చెట్టుని ఎవరు ఒప్పుకుంటారు? కౌలుదారు మాట అడగనే అక్కర్లేదు, కాగితం లేనివాడికి తుపాను కూడా రానట్టే.

మురుగుకాలవలు పూడిక తియ్యమని అడగ్గా అడగ్గా విసిగి 2011లో కోనసీమ రైతులు సాగు మానేసి పంట విరామం ప్రకటించారు. దేశమంతా వచ్చి చూసి వెళ్లింది. కాలవల్లో గుర్రపుడెక్క మాత్రం వెళ్లలేదు. వంతెనల విషయమూ అంతే. సఖినేటిపల్లి రేవులో నిలబడి పంటుకోసం ఎదురుచూస్తూ ఎన్ని శంకుస్థాపనలు విన్నామో. పాతరోజుల్లో తాసిల్దారు పంచె ఎగ్గట్టి ఏరు దాటొచ్చేవాడు, మీ పత్రికల విలేకరి కూడా బురదకాళ్లతో అరుగుమీద కూర్చుని మజ్జిగ తాగి వివరం రాసుకునేవాడు. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చింది వచ్చినట్టు అచ్చు.

సవరణ వెయ్యమని అడగను, వెయ్యరని తెలుసు. వాయుగుండాల కాలం డిసెంబరు దాకా ఉంది. 2018లో పెథాయ్ కాట్రేనికోన దగ్గర దాటింది డిసెంబరు 17న. ఈలోగా మీరు ఒక్క పని చెయ్యండి. జిల్లాలో ప్రతి రేవు దగ్గరా, పంటు ఏ రోజు ఎన్నింటికి ఆపుతారో ఇరవైనాలుగు గంటల ముందు బోర్డుమీద రాసే బాధ్యత ఎవరిదో కనుక్కుని ఆ హోదా పేరు అచ్చువెయ్యండి. మనిషి పేరు అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషల్ మాస్టారు,
లంక గ్రామం, కోనసీమ జిల్లా.

తా.క.: పగలగొట్టిన షెల్టరు తాళం ఖరీదు 350 రూపాయలు నేను కట్టాలని నిన్న కబురొచ్చింది. కట్టేశాను. కొత్త తాళంచెవి మళ్లీ మండలకేంద్రానికే వెళ్లింది.