పంతులూ, ఆ పెట్టె మాట్లాడింది

హనుమకొండ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ పంతులూ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు క్షమించు. అలిగి ఉంటావని తెలుసు. అలిగినా చదువుతావని కూడా తెలుసు. ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. చలి తగ్గాక అమ్మ మోకాళ్ల నొప్పులు కాస్త నయం. చిన్నదానికి ఇంటర్ పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి ఇంట్లో టీవీ బంద్. మేడారం వెళ్లొచ్చాం. నీ పేరున కూడా బంగారం సమర్పించాం, ఆ బెల్లం బాకీ వచ్చినప్పుడు తీర్చు. పత్తి సంగతి మాత్రం అడగకు.

ఇక అసలు సంగతి. మా స్పెక్ట్రోఫోటోమీటర్, అదే, ద్రవం ఏ రంగు కాంతిని ఎంత మింగుతుందో కొలిచే యంత్రం, కొత్త ల్యాప్‌టాప్‌తో మాట్లాడిందిరా! అక్షరాలా మాట్లాడింది. ఇది నీకు కాక ఇంకెవరికి చెప్పినా "అయితే ఏమిటి?" అంటారు. మా ఆవిడ అననే అంది. అందుకే మొదటి నుంచి చివరిదాకా నీకే చెబుతాను, మధ్యలో లేవకు.

ఆ యంత్రం నీకు గుర్తుండే ఉంటుంది. ల్యాబ్‌కు వచ్చినప్పుడు పైమూత తీసి చూపిస్తే, అద్దాలకు చెయ్యి తగులుతుందేమోనని రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వంగి చూశావు. 1990ల చివర్లో కొన్న డబుల్ బీమ్ యంత్రం. కాంతిని రంగులుగా విడదీసే దాని గ్రేటింగ్ మీద ఇప్పటికీ చిన్న మరక లేదు. టంగ్‌స్టన్ దీపం, డ్యుటీరియం దీపం రెండూ వెలుగుతున్నాయి. చచ్చిపోయింది దాని పక్కనున్న విండోస్ 98 కంప్యూటర్ మాత్రమే. విప్పి చూస్తే మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి, ఒకటి రెండు చీలి గోధుమరంగు జిగురు కారి ఉంది. కంపెనీకి ఫోను చేస్తే, ఆ మోడల్‌కు సాఫ్ట్‌వేర్ ఇవ్వడం ఎప్పుడో ఆపేశామని, కొత్త యంత్రం కొనుక్కోమని చెప్పారు. కొత్తదంటే లక్షల్లో మాట. ఆఫీసులో వెంటనే ఫైలు కదిలింది, ఈ యంత్రాన్ని కండెమ్ చేసేద్దామని. చూపు చక్కగా ఉన్న మనిషిని మాట పడిపోయిందని శ్మశానానికి మోసుకుపోవడమే కదరా అది! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పైగా ఇది నా ఒక్కడి ముచ్చట కాదు. మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఒకతె ఉంది. వాళ్లది దుగ్గొండి దగ్గర పల్లె, చపాటా మిరప వేసే కుటుంబం. టమాటా మిరప అని కూడా అంటారు కదా, అదే. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికి కారం తక్కువ, రంగు ఎక్కువ, ఆ రంగును బట్టే ధర. ఏనుమాములలో వ్యాపారి కాయను చేత్తో తిప్పి చూసి రంగు చెబుతాడు. ఈ పిల్ల దాన్ని అంకెల్లో చెప్పాలనుకుంటోంది. పద్ధతి కష్టమేమీ కాదు. తూచిన కారప్పొడిని అసిటోన్‌లో వేసి 100 మిల్లీలీటర్లకు నింపి, 16 గంటలు చీకట్లో ఉంచి, 460 నానోమీటర్ల దగ్గర ఎంత కాంతిని మింగుతుందో చూడాలి. వచ్చిన అంకెను 16.4తో గుణించి, తీసుకున్న పొడి గ్రాముల బరువుతో భాగించాలి. మిరప రంగుకు కొలతగా చెప్పే ఆస్టా విలువ అంటే అదే. కానీ ఆమెకు ఒక్క 460 చాలదు, రంగుల మొత్తం వంపు కావాలి. కంప్యూటర్ లేక 380 నుంచి 700 దాకా ఒక్కో నానోమీటర్ జరుపుతూ, చిన్న తెర మీద కనిపించే అంకెను నోటు పుస్తకంలో రాసుకుంటోంది. ఈలోగా అసిటోన్ ఆవిరవుతూనే ఉంటుంది. క్యూవెట్‌కు, అంటే ద్రవం పోసే చిన్న పాత్రకు, మూత ఉన్నా ఆవిరవుతుంది. ఆమె వేళ్లకు సిరా, కళ్ల కింద నలుపు. చూడలేకపోయాను.

మొదట ఆ పాత ప్రోగ్రామ్‌నే బతికిద్దామనుకున్నాను. హార్డ్‌డిస్క్ బాగానే ఉంది, 40 పిన్నుల పాత ఐడీఈ రకం. అడాప్టర్ పెట్టి ముందుగా డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా నకలు తీసి రెండు చోట్ల దాచాను. అసలు డిస్కును మళ్లీ ముట్టుకోలేదు. ప్రోగ్రామ్ చూస్తే 16 బిట్లది, విండోస్ 3.1 నాటి రాత. మన ల్యాప్‌టాప్‌లో 64 బిట్ల విండోస్ 11. అది అలాంటివాటిని గడప తొక్కనివ్వదు. సరే, వర్చువల్ మెషీన్‌లో, అంటే ల్యాప్‌టాప్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో, విండోస్ 98 ఎక్కించాను. ఆ నీలం తెర, ఆ మేఘాలు కనిపించగానే నువ్వు గుర్తొచ్చావు (చెప్పను, పచ్చ చొక్కా సంగతి ఇంట్లో ఎవరైనా చదువుతారు). ప్రోగ్రామ్ తెరుచుకుంది కూడా! వెంటనే "తాళం ఎక్కడ?" అని అడిగింది. ప్రింటర్ పోర్టుకు తగిలించే డాంగిల్ అన్నమాట. డాంగిల్ ఉంది కానీ ల్యాప్‌టాప్‌కు ఆ పోర్టు లేదు. యూఎస్‌బీ ప్రింటర్ కేబుల్ కూడా పనికిరాదు. ఈ ప్రోగ్రామ్ నేరుగా 378 అనే చిరునామాకు వెళ్లి తలుపు తడుతుంది, ఆ కేబుల్‌కు ఆ చిరునామాయే ఉండదు.

అక్కడ ఆగిపోయి టీ తాగుతుంటే తట్టింది. ప్రోగ్రామ్‌తో మనకేమి పని? యంత్రానికి సొంత మీటలున్నాయి, సొంత తెర ఉంది. ప్రింట్ మీట నొక్కితే వెనక సీరియల్ పోర్టు గుండా, ఒక్కో బిట్టునూ వరుసగా పంపే సాకెట్ గుండా, అంకెలు బయటికి పంపుతుంది. వాటిని పట్టుకుంటే చాలు కదా!

సీరియల్ పోర్టు అంటే ఆ ఆర్‌ఎస్-232యే, 1960లో పుట్టిన ప్రమాణం. మన కంటే పెద్దది, ఇంకా పనిలో ఉంది. యూఎస్‌బీ మార్పిడి కేబుల్ ఒకటి ఇక్కడే ఒక దుకాణంలో కొన్నాను. లోపలి చిప్ నకిలీది. దాన్ని చూడగానే కొత్త డ్రైవర్ మొండికేసి పసుపు త్రిభుజం చూపించింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి ఇంకొకటి తెప్పించాను, అది పనిచేసింది. యంత్రం వెనక 25 పిన్నుల సాకెట్, మార్పిడి కేబుల్‌కు 9 పిన్నులు. మధ్యలో బజారులో దొరికే రెడీమేడ్ కేబుల్ పెట్టి ప్రింట్ నొక్కితే నిశ్శబ్దం.

ఇక్కడే నీ మల్టీమీటర్ బయటికి వచ్చింది. అవును, నువ్వు రైలెక్కుతూ కిటికీలోంచి ఇచ్చిన ఆ పసుపు డబ్బాయే. కేబుళ్లన్నీ పీకేసి, నల్ల తీగను 7వ పిన్ను మీద, ఎర్ర తీగను 2వ పిన్ను మీద పెట్టాను. మైనస్ 10.6 వోల్టులు! 3వ పిన్ను మీద పెడితే సున్నా. ఆర్‌ఎస్-232లో ఏ మాటా లేనప్పుడు మాట్లాడే తీగ మైనస్‌లోనే ఉంటుందని నువ్వే కదా చెప్పావు. అంటే యంత్రం నోరు 2వ పిన్ను. ఇటు 9 పిన్నుల వైపు ల్యాప్‌టాప్ చెవి కూడా 2వ పిన్నే, నోరు 3. కానీ ఆ రెడీమేడ్ కేబుల్ మోడెంల కోసం చేసింది, 25లోని 2ను 9లోని 3కు కలుపుతుంది. రెండు నోళ్లూ ఒకే తీగకు, రెండు చెవులూ ఇంకో తీగకు! దాన్ని పక్కన పడేసి, 2ను 2కు, 3ను 3కు, 7ను 5కు కలుపుతూ సొంతంగా కేబుల్ సోల్డర్ చేశాను. అయినా నిశ్శబ్దమే. "పంపమంటావా?" అని యంత్రం అడుగుతోంది, "పంపు" అని చెప్పే తీగ నా కేబుల్‌లో లేదు. అందుకని 25 వైపు 4ను 5తో, 6, 8, 20లను ఒకదానితో ఒకటి చిన్న తీగ ముక్కలతో కలిపేశాను. తన ప్రశ్నకు తనే జవాబు చెప్పుకుంటుంది.

ప్రింట్ నొక్కాను. ల్యాప్‌టాప్ తెర మీద ఏదో కదిలింది! చెత్త. పిచ్చి గుర్తులు. అయినా చెత్త వచ్చిందంటే తీగ సరిగ్గా ఉన్నట్టే. యంత్రం వెనక రేకు మీద ఎవరో పెన్సిల్‌తో 4800 అని రాసి పెట్టారు. సెకనుకు 4800 బిట్లు, ఆ వేగమే పెట్టాను. ఇప్పుడు సగం అక్షరాలు, సగం చెత్త. మాన్యువల్ తీస్తే సరిగ్గా ఆ పట్టిక ఉండాల్సిన చివరి పేజీలు లేవు.

ఇప్పుడు చెప్పబోయేదే నిద్ర లేపి మరీ నీకు చెప్పాలనుకున్నది. క్యూవెట్‌లో పలుచటి పర్మాంగనేట్ పోసి చూస్తున్నాను. యంత్రం తెర మీద 0.356 ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ మీద కూడా 0.356, ఒక్క అంకె తప్పు లేదు. ఇంకాస్త గాఢంగా చేసి 0.427 దగ్గర నొక్కితే సున్నా, చుక్క, ఆ తర్వాత మూడు పిచ్చి గుర్తులు. ఆ అమ్మాయి పక్కనే కాగితం మీద రాస్తోంది. "సార్, 0, 3, 5, 6, 9 ఎప్పుడూ సరిగ్గానే వస్తున్నాయి. 1, 2, 4, 7, 8 ఎప్పుడూ తప్పే. 1 వచ్చేచోట ± వస్తోంది, 2 వచ్చేచోట ² వస్తోంది" అంది. రోజూ అంకెలు చేత్తో రాసుకున్న పిల్ల కదా, ఆమె కంటికే అందింది. ఒళ్లు జలదరించిందిరా నాకు. యాదృచ్ఛికమైతే ఇంత నియమంగా ఉండదు. కాగితం మీద ఒక్కో అంకెనూ కంప్యూటర్ రాసుకునేలా ఏడు బిట్లలో, అంటే సున్నాలు ఒకట్లలో, రాసి ఒకట్లు లెక్కపెట్టాం. 0కు రెండు ఒకట్లు. 3, 5, 6, 9కి నాలుగేసి. అన్నీ సరిసంఖ్యలు! 1, 2, 4, 8కి మూడేసి, 7కు అయిదు. అన్నీ బేసి! యంత్రం ఏడు బిట్లే పంపుతోంది. ఎనిమిదోది సరిచూపు బిట్టు, ఒకట్ల మొత్తం ఎప్పుడూ సరిసంఖ్య అయ్యేలా దాన్ని పెడుతోంది. ల్యాప్‌టాప్ దాన్ని కూడా అక్షరంలో భాగమనుకుని చదువుతోంది. ఈవెన్ పారిటీ, పంతులూ! బస్సు టికెట్ల పందెంలో సరి నీది, బేసి నాది. ఇన్నేళ్ల తర్వాత కూడా నువ్వే గెలిచావు.

4800, ఏడు బిట్లు, ఈవెన్, ఒక స్టాప్ బిట్టు అని పెట్టి ప్రింట్ నొక్కాను. 0.427. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. నాకు గొంతు పూడుకుపోయింది, అబద్ధం చెప్పను.

తర్వాత పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశాను. వచ్చిన ప్రతి వరుసనూ సమయంతో సహా ఫైలులో వేస్తుంది, అంతే. అంకెలు చేరినంత మాత్రాన అవి నిజమని నమ్మకూడదు కదా, అందుకని డ్యుటీరియం దీపం సొంత గీతతోనే పరీక్షించాం. అది 656.1 నానోమీటర్ల దగ్గర ఉండాలి, అక్కడే ఉంది. ఇలా సరిచూడటానికే వాడే హోల్మియం గాజు ఫిల్టర్ కూడా పెట్టి చూశాం, శిఖరాలన్నీ వాటి వాటి చోట్లలోనే ఉన్నాయి. ఇన్నేళ్లు కదిలించకుండా ఉంచినందుకు ఆ యంత్రం మనకిచ్చిన గౌరవం అనిపించింది. ఆ సాయంత్రమే చపాటా నమూనా మొదటి వంపు ల్యాప్‌టాప్ మీద గీసుకుంది. 460 చుట్టుపక్కల ఎత్తు, కుడివైపు చిన్న భుజం. ఆ అమ్మాయి ఫొటో తీసి వాళ్ల నాన్నకు పంపింది. ఆయన ఫోను చేసి "మన మిరపకాయ బొమ్మేనా ఇది?" అని అడిగాడట.

కానీ ఒక్కోసారి కోపం వస్తుంది పంతులూ. ఇలాంటి ఎన్ని యంత్రాలు పక్క కంప్యూటర్ పోయిందని ఇనుప సామానులోకి వెళ్లిపోయాయో! విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆపారు, 2025 అక్టోబరు 14న విండోస్ 10కు కూడా ఆపారు. ప్రతిసారీ ఒక వరుస ల్యాబ్‌లు మూగబోతాయి. అద్దానికి, దీపానికి, గ్రేటింగ్‌కు ఈ తేదీలతో ఏమి సంబంధం? కొనేటప్పుడే "ఏ ఆజ్ఞకు ఏమి జవాబిస్తుందో ఆ పట్టిక కాగితం మీద ఇవ్వండి" అని టెండర్‌లో ఒక్క వాక్యం రాయించుకుంటే చాలు. మా ప్రిన్సిపాల్‌కు ఇదే రాసి ఇచ్చాను. కండెమ్ ఫైలు ప్రస్తుతానికి ఆగింది. రద్దు కాలేదు, ఆగింది.

ఈ వార్త పాకి ఫిజిక్స్ వాళ్లు కూడా వచ్చారు. వాళ్ల పాత మీటర్లకు వెనక 24 పిన్నుల జీపీఐబీ సాకెట్లు, ల్యాబ్ పరికరాలను కంప్యూటర్‌కు కలిపేవి, ఆ ఒకదాని మీద ఒకటి పేర్చే రకం. 1975 నాటి ఐఈఈఈ-488. కార్డు ఐఎస్ఏ స్లాటుది, అది పెట్టే కంప్యూటర్ ఇప్పుడెక్కడ దొరుకుతుంది? యూఎస్‌బీ అడాప్టర్లు ఉన్నాయి కానీ ధర వింటే... లినక్స్‌లో దానికి డ్రైవర్ ఉందని చూశాను, దాని గురించి నువ్వేమైనా... సరే, అది ఇంకో ఉత్తరం.

నీకు ఒక పని. ఇప్పుడు యంత్రం చెబుతుంది, మనం వింటాం, అంతే. మనం చెబితే అది వినాలి, అప్పుడు రాత్రంతా దానంతటదే స్కాన్ చేస్తుంది. దానికి మాన్యువల్ చివరి అధ్యాయం కావాలి. మీ సంస్థ పాత గదిలో ఇదే మోడల్ ఉండేదని ఒకసారి అన్నావు. బీరువాల్లో వెతుకు, ఆకుపచ్చ అట్ట, రింగుల బైండింగ్. దొరికితే ప్రతి పేజీ ఫొటో తీసి పంపు, ఖాళీ పేజీలు కూడా, పెన్సిల్ రాతలు వాటి మీదే ఉంటాయి. ఇంకొకటి, యంత్రం, ల్యాప్‌టాప్ భూమి తీగల మధ్య వోల్టేజీ తేడా ఉంటే ల్యాప్‌టాప్ పోర్టు కాలుతుందేమోనని భయంగా ఉంది, రెండింటి కరెంటునూ విడదీసే ఐసొలేటర్ ఏది తీసుకోవాలో

ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడింది. నిన్న సాయంత్రం చీకట్లో పెట్టిన ఫ్లాస్కులకు 16 గంటలు దాటాయి, ఇంక ఆగకూడదు. ఐసొలేటర్ సంగతి రాయి. వదినకు నమస్కారం చెప్పు.

నీ
మూడో బెంచి