సమాచార కేంద్రంలో ముందు సమాచారం చెప్పండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పర్యాటకులు పెరగాలి, రిసార్టులు రావాలి, రోప్‌వేలు రావాలి అని మీ పత్రికలో తరచూ చదువుతున్నాను. రానివ్వండి, మంచిదే. నేను అడగబోయేది వాటికన్నా చాలా చవకైనది. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పే కౌంటరు.

నేను పోస్టాఫీసు కౌంటర్లో 31 ఏళ్లు కూర్చుని రిటైరైనవాణ్ణి. స్టాంపులు కొనేవాళ్లకన్నా ఏదో ఒకటి అడిగి పోయేవాళ్లే ఎక్కువగా వచ్చేవాళ్లు. టపా ఎన్నింటికి కడతారు, తాలూకా ఆఫీసు ఎటు, కరెంటు బిల్లు ఇక్కడ కడతారా అని. మొదట్లో విసుక్కునేవాణ్ణి. తర్వాత ఒక అట్టముక్క మీద రోజూ వచ్చే ప్రశ్నలకి జవాబులు పెద్దక్షరాలతో రాసి అద్దానికి లోపలి వైపు నుంచి అతికించాను. సగం ప్రశ్నలు తగ్గాయి. మిగతా సగం అడగడానికి వచ్చినవాళ్లు చదువురానివాళ్లు, చూపు ఆననివాళ్లు. వాళ్లకి నోటితో చెప్పేవాణ్ణి. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. కౌంటరుకి ఇవతల నిలబడటం, అవతల కూర్చోవడం రెండూ తెలిసి రాస్తున్నానని చెప్పడానికే.

పోయిన డిసెంబరులో మ్యూనిక్‌లో ఉండే మా అమ్మాయి పిల్లల్ని తీసుకొని వచ్చింది. మనవణ్ణీ మనవరాలినీ నేనే హైదరాబాద్ తీసుకెళ్లాను. దారి పొడుగునా సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం గురించి చెబుతూనే ఉన్నాను. గంట గంటకీ తలుపు తీసుకుని ఒక చిన్న బొమ్మ బయటికి వస్తుందనీ, ఎన్ని గంటలైతే అన్నిసార్లు సుత్తితో కొట్టి లోపలికి పోతుందనీ, పన్నెండింటికి ఆ బొమ్మ కోసం జనం గుమిగూడతారనీ. పదకొండున్నరకి గేటు దగ్గర దిగాం. మూసి ఉంది. శుక్రవారం సెలవట. సరే, చౌమహల్లా ప్యాలెస్ అయినా చూద్దామని ఆటో ఎక్కాం. అదీ శుక్రవారం మూతే. "జుమ్మా రోజు రెండూ బందే ఉంటయ్ సార్" అన్నాడు ఆటో అతను, మేం అక్కడ దిగి డబ్బులిచ్చాక. మర్నాడు పొద్దున్నే తిరుగు రైలు. గడియారం చూడకుండానే వెనక్కి వచ్చేశాం.

ఇందులో తప్పు నాదే. అడగకుండా బయల్దేరాను. అయితే అడగాలన్న ఆలోచన నాకెందుకు రాలేదు? దానికీ ఒక కథ ఉంది.

అంతకు కొన్ని నెలల ముందు మన పెద్ద నగరాల్లో ఒకదానికి పనిమీద వెళ్లి, ఒక పూట ఖాళీ దొరికితే పర్యాటక సమాచార కౌంటరుకి వెళ్లాను. ఏ ఊరో రాయను. ఆ కుర్రాడి ఉద్యోగానికి ఎసరు పెట్టడం నాకిష్టం లేదు. ఊరి చివర ఒక పాత గుడి ఉంది, సిటీ బస్సు ఎక్కడ ఎక్కాలి అని అడిగాను.

"ప్యాకేజీలో కవరవుతుందంకుల్, పొద్దున ఏడింటికి స్టార్ట్."

"ప్యాకేజీ వద్దు బాబూ, నాకు సాయంత్రం దాకానే టైముంది. బస్సు నంబరు చెప్పు చాలు."

"బస్సులు మాకు తెలీవంకుల్. హాఫ్ డే ప్యాకేజీ కూడా ఉంది."

పోనీ మ్యాప్ ఇమ్మన్నాను. అయిపోయిందన్నాడు. గూగుల్లో కొట్టండి, వచ్చేస్తుందన్నాడు. గోడనిండా జలపాతాల పోస్టర్లు, బల్లమీద రసీదు పుస్తకం, కార్డు గీకే మెషీను ఉన్నాయి. ఆర్టీసీ టైంటేబుల్ ఒక్కటీ లేదు. నేను కదలకుండా నిలబడటం చూసి పాపం తనే గొంతు తగ్గించి చెప్పాడు, సాయంత్రానికి ఎన్ని సీట్లు నిండాయని అడుగుతారు తప్ప ఎంతమందికి దారి చెప్పావని ఎవరూ అడగరని. అతని మీద నాకు కోపం రాలేదు. టార్గెట్ పెట్టి కూర్చోబెడితే నేనైనా అంతే చేసేవాణ్ణి. గుడికి మాత్రం బయట మిర్చి బజ్జీల బండి ఆవిడ్ని అడిగి వెళ్లాను. రెండు బస్సుల నంబర్లు చెప్పింది, రెండోది ఖాళీగా వస్తుందని కూడా చెప్పింది.

అమ్మకం తప్పని నేననను. మ్యూనిక్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు నేనూ మా ఆవిడా మరియన్‌ప్లాట్జ్ కూడలిలో టౌన్‌హాల్ భవనంలో ఉన్న సమాచార కేంద్రానికి వెళ్లాం. అక్కడా టూర్ల టికెట్లు అమ్ముతారు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, అదీ తడబడుతూనే, పాత వర్ణచిత్రాలు పెట్టిన మ్యూజియం, పినకోతెక్ అంటారే, దానికి ఎలా వెళ్లాలని అడిగాను. ఆవిడ కాలెండర్ వైపు చూసి, ఎల్లుండి ఆదివారం, ఆ రోజు వెళ్లండి, టికెట్ ఒక్క యూరోనే అంది. కుటుంబమంతా కలిసి వెళ్లేటట్టయితే ఐదుగురు పెద్దవాళ్ల దాకా చెల్లే ఒకే రోజు టికెట్ తీసుకోమంది. చివర్లో పెన్నుతో పైకి చూపించి, పదకొండింటికి బయట నిలబడండి, గోపురంలో బొమ్మలు తిరుగుతాయి అంది. నిలబడ్డాం. తిరిగాయి. మా మనవడికి మన గడియారం చూపించాలన్న పట్టుదల నాకు అక్కడే పుట్టింది.

ఇప్పుడు అందరి చేతిలో ఫోనుంది, ఇంకా కౌంటర్లెందుకని మీ పాఠకులు కొందరు అడుగుతారు. స్కాట్లండ్‌లో ప్రభుత్వ పర్యాటక సంస్థ తన 25 సమాచార కేంద్రాలనూ మూసేస్తామని 2024లోనే ప్రకటించింది, జనం అన్నీ ఆన్‌లైన్‌లోనే చూసుకుని వస్తున్నారని. వాళ్ల లెక్క వాళ్లది. మన సంగతి వేరు. ఉండవల్లి గుహలు ప్రకాశం బ్యారేజీ దాటితే దగ్గరే. కానీ విజయవాడ స్టేషన్లో దిగిన శ్రీకాకుళం ముసలాయనకి ఏ స్టాపులో నిలబడాలో ఫోను చెప్పదు, చెప్పినా ఆయన చూడడు. ఫోను వాడే నేనే శుక్రవారం సంగతి చూసుకోలేదు కదా.

ఆ ఫోను సాయం కూడా ఎవరికుందో చూడండి. కేంద్ర పర్యాటక శాఖ 2016లో 1363 నంబరుతో 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టింది. 12 భాషల్లో జవాబిస్తామన్నారు. హిందీ, ఇంగ్లీషు, తక్కిన పదీ విదేశీ భాషలు. అరబిక్ ఉంది, కొరియన్ ఉంది, పోర్చుగీసు ఉంది. తెలుగు లేదు. తమిళమూ లేదు, బెంగాలీ లేదు. కొరియా నుంచి వచ్చే అతిథికి జవాబు దొరకాల్సిందే, కాదనను. కాశీకి పోయే మా వీధి ఆడవాళ్ల సంగతేమిటి?

ఖర్చు లేని పని ఒకటుంది. ప్రతి పెద్ద స్టేషన్లో, బస్టాండులో, బయటికి వచ్చే దారిలోనే ఒక నల్లబల్ల పెట్టి, ఈ రోజు ఏవి మూత, ఏవి తెరిచి ఉన్నాయి అని సుద్దముక్కతో రాయండి. సాలార్‌జంగ్, చౌమహల్లాలే కాదు, అమరావతి, నాగార్జునకొండ మ్యూజియాలకీ శుక్రవారమే సెలవు. నాగార్జునకొండ అంటే లాంచీ ఎక్కి నీళ్ల మధ్యకి వెళ్లే వ్యవహారం, ఊరికే వెళ్లి వచ్చేది కాదు. విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూడాలంటే సోమవారం వెళ్లకూడదు. ఇవన్నీ మన మ్యూజియాల వాళ్లకి తెలుసు, ఆటోవాళ్లకి తెలుసు. రైలు దిగినవాడికే తెలియదు.

ప్యాకేజీల కౌంటరు పక్కన ఉండనివ్వండి, దాని టార్గెట్లు దానికి ఉండనివ్వండి. సమాచారం చెప్పే కుర్చీకి మాత్రం వేరే మనిషి, వేరే లెక్క కావాలి. రోజుకి ఎంతమంది అడిగారు, ఏమడిగారు, దేనికి జవాబు లేకపోయింది అని ఒక నోటు పుస్తకంలో రాస్తే, ఎక్కడికి బస్సు వెయ్యాలో, ఎక్కడ బోర్డు పెట్టాలో ఆ పుస్తకమే చెబుతుంది. కన్సల్టెంట్లకి పోసే డబ్బు మిగులుతుంది.

జీతాలకి నిధులు లేవంటారేమో. నాలాంటి రిటైరైనవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. తెనాలి నుంచి విజయవాడ రైల్లో గంటలోపు ప్రయాణం. అధికారులు సరేనంటే వారానికి రెండు పూటలు నేనొచ్చి కూర్చుంటాను, జీతమేమీ వద్దు. ఒక కుర్చీ, సిటీ బస్సుల రూట్ల కాగితం, ఒక నల్లబల్ల ఇవ్వమనండి. సుద్దముక్కలు నేను తెచ్చుకుంటాను.

ఇట్లు,
తపాలా శాఖ విశ్రాంత ఉద్యోగి,
తెనాలి