మదర్సా సైన్స్ క్లాసు: శనివారం ఎవరు రాగలరు?

అందరికీ సలాం, నమస్తే. నిన్న మన తొమ్మిదో తరగతి పిల్లలు బూట్ల అట్టపెట్టెకు సూదితో చిల్లు పెట్టి, ఎదుటి వైపు నూనె రాసిన కాగితం అంటించి కిటికీకేసి పట్టారు. కాగితం మీద వేపచెట్టు తలకిందులుగా కనిపించింది! వెయ్యేళ్ల కిందట అరబ్ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైసమ్ కూడా ఇలాగే చీకటి గదిలో కాంతిని పరీక్షించాడని చెప్తే, ఒక బాబు ఆ పెట్టెను ఇంటికి పట్టుకుపోయాడు.

ఇండోనేషియాలో విమానాల ఇంజనీరు హబీబీ చొరవతో 1996లో మొదలైన ఇన్సాన్ చెందెకియా స్కూళ్లలో మత విద్య, సైన్సు రెండూ గట్టిగా నేర్పుతారు. మనకూ అది సాధ్యమేనని నా నమ్మకం. ముందు ఒక మైక్రోస్కోప్, కొన్ని లెన్సులు కావాలి. పాతవైనా పర్వాలేదు.

శుక్రవారం సెలవు కాబట్టి శనివారం పొద్దున క్లాసు పెట్టుకోమని మౌలానాగారు అన్నారు. ఫిజిక్స్ చెప్పగలిగినవాళ్లు దయచేసి ఈ రాత్రికల్లా నాకు మెసేజ్ పెట్టండి.