ఇటుకల లోడు ఎందుకు లేటవుతోందంటే

ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఇటుకలకు ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్న మేస్త్రీలకు, కాంట్రాక్టర్లకు, ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను, ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి గొంతు పోతోంది. మేం బూడిద తెచ్చుకునే థర్మల్ ప్లాంటులో (బొగ్గుతో కరెంటు తీసేచోట) పాత యూనిట్లు ఆపేశారు. మిషన్ బాగానే ఉంది, మనుషులూ ఉన్నారు, బూడిదే లేదు.

మన బొగ్గులో దాదాపు మూడో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, బూడిద ఉంటుంది. పొగలోంచి పట్టిన మెత్తటి పొడి బూడిదతోనే మంచి ఇటుక వస్తుంది. ఇప్పుడు దొరికే కాస్తా సిమెంట్ కంపెనీల బల్కర్లు (ట్యాంకర్ లారీలు) ముందే బుక్ చేసుకుని పట్టుకుపోతున్నాయి, మాలాంటివాళ్లకు మిగిలేది బూడిద చెరువులోని (ప్లాంటు బూడిదను నీళ్లతో కలిపి వదిలేచోటు) తడి సరుకు. అది గరుకుగా ఉంటుంది, ఇటుక నీళ్లు ఎక్కువ పీలుస్తుంది. 24 గంటలు నానబెట్టి తూకం వేస్తే బరువు 20 శాతానికి మించి పెరగకూడదు. చెరువు బూడిదతో పోసిన ట్రయల్ బ్యాచ్ ఆ లెక్క దాటేసింది, అంచులు వేలితో గీకినా రాలుతున్నాయి. దాన్ని అమ్మలేదు, అమ్మను కూడా. సిమెంట్ పెంచి, రాతి డస్ట్ పాళ్లు మార్చి మళ్లీ పోస్తున్నాం, క్యూరింగుకే మూడు వారాలు పడుతుంది. రేటు కూడా పెరుగుతుంది, ఇప్పుడే చెప్పేస్తున్నాను.

బొగ్గు పోతే మంచిదేగా అని ఒక కస్టమర్ అడిగారు. కాదని నేనెలా అంటాను? ఎండాకాలంలో గాలి లేస్తే బూడిద చెరువు పక్క ఊళ్లలో ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాల్సిందే. కాకపోతే ప్లాంటు ఆగినంత మాత్రాన చెరువు పోదు, నీళ్లు కొట్టేవాడు లేకపోతే దుమ్ము ఇంకా లేస్తుంది, దాని సంగతి ఎవరూ మాట్లాడరు.

మనుషుల సంగతీ అంతే. పర్మినెంట్ ఉద్యోగిని ఇంకో ప్లాంటుకు బదిలీ చేస్తారు, దూరమైనా జీతం వస్తుంది. యాష్ హ్యాండ్లింగ్‌లో, బొగ్గు దించేచోట, ఓవర్‌హాలింగ్‌లో ఏళ్ల తరబడి చేసిన కాంట్రాక్టు మనిషికి మాత్రం గేట్‌పాస్ రెన్యువల్ కాదు, అంతే, అదే నోటీసు. లారీ ఓనర్లు, వెల్డింగ్ షాపులు, గదులు అద్దెకిచ్చేవాళ్లు, మేము... మా పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు కాబట్టి మాకు నష్టం జరిగినట్టు లెక్కే ఉండదు. ప్లాంటులో బూడిద పని చేసినవాళ్లు కొందరు మా దగ్గరికి వచ్చారు, పెట్టుకున్నాను, కానీ బూడిదే రాకపోతే వాళ్లకు నేనేం పని చూపించను?

ముందుగా తేదీ చెప్పడం అన్నిటికంటే ముఖ్యమని నాకనిపిస్తోంది. ఆస్ట్రేలియాలో 1,600 మెగావాట్ల హేజల్‌వుడ్ బొగ్గు ప్లాంటును మూసేస్తామని 2016 నవంబర్లో చెప్పి 2017 మార్చికల్లా మూసేశారు, ఐదు నెలల్లో ఎవడేం సర్దుకుంటాడు? బ్రిటన్‌లో బొగ్గు ప్లాంట్లన్నీ ఆపేస్తామని 2015లోనే చెప్పారు, చివరిదైన రాట్‌క్లిఫ్ 2024 సెప్టెంబర్ 30న ఆగింది. దక్షిణాఫ్రికాలో కొమాటి బొగ్గు ప్లాంటు 2022 అక్టోబర్లో మూతపడితే దాన్ని వేరే వాడకానికి మార్చడానికి ప్రపంచ బ్యాంకు 49.7 కోట్ల డాలర్లు మంజూరు చేసింది, అయినా పనులు పోయాయని చుట్టుపక్కలవాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. డబ్బు తర్వాత వస్తే ఇంతే మరి. మన పాల్వంచలో 720 మెగావాట్ల పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ 2024 ఆగస్టు 5న కూల్చేసిన వీడియో అందరం చూశాం. అక్కడ పక్కనే 800 మెగావాట్ల కొత్త యూనిట్ 2018లోనే మొదలైంది కాబట్టి కొంత పనైనా మిగిలింది. మా దగ్గర పక్కన ఏమీ లేదు. సోలార్ పార్క్ వస్తుందంటున్నారు, మంచిదే, కట్టేటప్పుడు పని ఉంటుంది, కట్టాక ప్యానెళ్లు తుడిచేవాళ్లు, వాచ్‌మన్లు చాలు.

దేశంలో బొగ్గు కరెంటు రేపే పోదని నాకూ తెలుసు, ఇంకా కొత్త ప్లాంట్లు కడుతూనే ఉన్నారు. అందుకే షెడ్డు మూయడం లేదు, దూరంగా ఉన్న ఇంకో ప్లాంటు నుంచి బూడిద మాట్లాడుతున్నాను. లారీ కిరాయి ఎంతకు తెగుతుందో చూడాలి.

అడ్వాన్స్ ఇచ్చినవాళ్లలో ఆగలేనివాళ్లు ఎర్ర ఇటుకకో సిమెంట్ బ్లాకులకో వెళ్లిపోండి, ఏమీ అనుకోను, డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాను. ఆగేవాళ్లు ఎన్ని ఇటుకలు కావాలో, గోడ ఎప్పుడు మొదలుపెడతారో ఈ వారంలో వాట్సాప్ చేయండి. గోడ పని ముందున్నవాళ్లకు ముందు లోడు.