సెప్టిక్ ట్యాంకులోకి ఎవర్నీ దింపకురా

ఒరేయ్ శీనూ,

నిన్న ఫోను మధ్యలో కట్టయిపోయింది. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

బాత్రూంలో నీళ్ళు దిగట్లేదు, బకెట్ పోస్తే నహానీ ట్రాప్‌లోంచి, అదే నేలమీద జాలీ ఉండే గొట్టంలోంచి, బుడబుడమని పైకి తంతున్నాయి అన్నావు కదా. ముందు ఇది చూడు: సింకు, బాత్రూం, లెట్రిన్ మూడూ ఆగాయా, ఒక్కచోటేనా? ఒక్కచోటే అయితే అడ్డం ఆ దగ్గర్లోనే ఉంటుంది. జాలీ తీస్తే జుట్టూ సబ్బుజిడ్డూ ఉండకట్టి కనిపిస్తాయి. అన్నీ ఆగితే పెరట్లో ఛాంబర్ (ఇంటి పైపులు కలిసి ట్యాంకుకి పోయే చిన్న తొట్టి) మూత తెరువు. లోపల ఖాళీగా ఉంటే అడ్డం ఇంటివైపు, నిండుగా ఉంటే ట్యాంకువైపు.

ఇంటివైపు అయితే పెద్ద టెన్షన్ లేదు. ప్లంబర్ స్ప్రింగు వైరు తోసి తిప్పితే వదులుతుంది. మా ఇంట్లో పోయిన ఏడాది అలాగే తిప్పితే పాత బనీను ముక్క, దానికి చుట్టుకున్న కొబ్బరిపీచు నల్లగా జారుతూ బయటికొచ్చాయి. మరుక్షణం ఛాంబర్లో నీళ్ళు సుడి తిరిగి గటగటా దిగిపోయాయి.

యాసిడ్ మాత్రం పోయకు. బనీను ముక్క దానికి ఎక్కడ కరుగుతుంది? ట్యాంకులో మలాన్ని కుళ్ళబెట్టే బ్యాక్టీరియా మాత్రం చచ్చిపోతుంది. ముందే బ్లీచింగ్ చల్లి ఉంటే దానిమీద యాసిడ్ పడగానే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. అసలే అమ్మకి ఆయాసం.

ట్యాంకు ఆఖరిసారి ఎప్పుడు తీయించావు? రెండు మూడేళ్ళకోసారి అడుగున బురద తీయించాలి. లేకపోతే అది పెరిగి పెరిగి ఇంకుడు గుంతలోకి పోయి దాన్నీ పూడ్చేస్తుంది. అప్పుడు కొత్త గుంత తవ్వించుకోవడమే.

ఎవరో కుర్రాడు దిగి చేత్తో తీసేస్తానన్నాడని చెప్పావు చూడు, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. వద్దురా. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. మొదట కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకి ఆ వాసనే తెలియకుండా పోతుంది, మనిషి ఉన్నపళంగా కూలిపోతాడు. పైనున్నవాడు కాపాడదామని దిగి తనూ పోతాడు. పేపర్లో ఇద్దరు, ముగ్గురు ఒకేసారి పోయారని చదివేది ఇందుకే. మూత కాసేపు తెరిచి ఉంచితే గ్యాస్ పోతుందని ఎవరన్నా నమ్మకు. అగ్గిపుల్ల గీసి చూడటం అసలే వద్దు, మీథేన్ కూడా ఉంటుంది.

మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం ఇలా మనిషిని దింపడం నేరం. చనిపోయినవాళ్ళ కుటుంబాలకి పది లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని ముప్ఫై లక్షలకి పెంచింది. సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ లాంటివాళ్ళు దశాబ్దాలుగా పోరాడుతున్నది దీనికోసమే. అయినా ఆ కుర్రాడికి పెళ్ళాం పిల్లలుంటే వాళ్ళ ముఖం ఎలా చూస్తాం? పని లేక దిగుతానన్నాడు పాపం. అతనికి ఇవ్వాలనుకుంటే పెరట్లో ఇంకేదైనా పని ఇవ్వు.

పైపుతో బురద పీల్చేసే సక్షన్ ట్యాంకర్ని పిలువు. మున్సిపాలిటీలో అడిగితే లైసెన్సు ఉన్నవాళ్ళ నంబరు ఇస్తారు. మీ వరంగల్లో మలవ్యర్థాల శుద్ధి ప్లాంటు ఉంది కాబట్టి, తీసింది అక్కడికే తీసుకెళ్తున్నారా అని డ్రైవర్ని గట్టిగా అడుగు. ఏ చెరువు గట్టునో వదిలేసేవాళ్ళూ ఉన్నారు. బండి ఉన్నప్పుడే ట్యాంకులో పైపుల మూతులు పైనుంచి టార్చి వేసి చూడమను, ఒక్కోసారి అడ్డం అక్కడే ఉంటుంది.

పిల్లల్ని మూత దగ్గరికి రానివ్వొద్దని చెల్లెమ్మకి చెప్పు. ట్యాంకర్ వచ్చి వెళ్ళాక ఛాంబర్లో నీళ్ళు దిగాయో లేదో ఫోన్ చెయ్యి.

నీ,
రాజు