ఆరుగురిలో నీ వంతు

శ్రీకాకుళం

చిట్టితల్లికి అమ్మ దీవెనలు.

మొన్న ఫోన్‌లో, మీ ఆరుగురూ కలిసి చేసిన చార్టు ప్రాజెక్టు గురించి చెబుతూ నువ్వు రెండు మాటలన్నావు. "నేను చేసినా చెయ్యకపోయినా ఆరుగురికీ అవే మార్కులు కదమ్మా" అన్నావు. కాసేపాగి, "అందరూ ఔనన్నాక నేనొక్కదాన్నే కాదంటే ఏం బాగుంటుంది" అన్నావు. నీ వెనక ఫోన్ కోసం పిల్లలు లైన్లో ఉన్నారని అప్పుడేమీ అనలేదు. ఆ రెండు మాటలూ నన్ను వదలడం లేదు, అందుకే రాస్తున్నాను.

రెండో మాట ముందు. మీ చార్టులో నాగావళి వెళ్లి వంశధారలో కలుస్తుందని రాశారు. నువ్వు పెరిగింది నాగావళి ఒడ్డున. అది కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుందని నీకు తెలుసు. వంశధార తన దారిన తాను కళింగపట్నం దగ్గర కలుస్తుంది. రెండూ ఒడిశా కొండల్లోంచే వస్తాయి గానీ వాటంతటవి ఎక్కడా కలవవు. సంగం దగ్గర సువర్ణముఖి, వేగవతి వచ్చి నాగావళిలో కలుస్తాయి కదా, మీలో ఎవరో ఆ సంగతి విని కలగాపులగం చేసుకుని ఉంటారు. ఆ అమ్మాయి ధీమాగా చెప్పింది, మిగతావాళ్లు తలూపారు. నీకు తెలిసి కూడా, స్కెచ్ పెన్ను నీ చేతిలోనే ఉండగా, అదే రాసేశావు.

నీ మీద కోపం లేదు తల్లీ. పెద్దవాళ్లకూ ఇలాగే అవుతుంది. బీఈడీలో మేము సాలమన్ యాష్ ప్రయోగాల గురించి చదువుకున్నాం. 1950ల్లో ఆయన అమెరికాలో కాలేజీ కుర్రాళ్లకు ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానంత పొడవున్నది ఏదో చెప్పమన్నాడు. చిన్నపిల్లలైనా చెప్పగలిగేది. విడిగా అడిగితే దాదాపు ఎవరూ తప్పు చెప్పలేదు. కానీ గదిలో ఉన్న మిగతావాళ్లందరికీ ముందే నేర్పి పెట్టి, ఒకరి తర్వాత ఒకరిచేత ఒకే తప్పు చెప్పించాడు. తన వంతు వచ్చేసరికి ఆ కుర్రాడు సుమారు మూడో వంతు సార్లు వాళ్లతో కలిసిపోయి తప్పే చెప్పాడు. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. ఆ గుంపులో ఒక్క మనిషి సరైన జవాబు చెప్పినా చాలు, ఆ తలూపడం చాలా తగ్గిపోయింది. మీ ఆరుగురిలో నాగావళి సంగతి తెలిసి నోరు విప్పనిది నువ్వొక్కదానివేనా? నువ్వు మాట్లాడి ఉంటే ఇంకొకరు "నాకూ అలాగే అనిపిస్తోంది" అనేవారేమో.

దెబ్బలాడమని చెప్పడం లేదు. "నాకు తెలిసింది వేరేగా ఉంది, ఒకసారి అట్లాసు తీద్దాం" అంటే చాలు. పటం చూశాక నీదే తప్పని తేలితే వెంటనే ఒప్పుకో. అందరూ ఔనన్నదానికల్లా కాదనేవాళ్లను కూడా నా క్లాసులో చూస్తుంటాను. వాళ్లూ సొంతంగా ఆలోచిస్తున్నట్టు కాదు, వాళ్ల జవాబు కూడా పక్కవాళ్ల నోటిని బట్టే ఉంటుంది.

నువ్వు చదువుతున్న విజయనగరంలోనే గురజాడ అప్పారావుగారి ఇల్లుంది. బడిపిల్లలు, కాలేజీ పిల్లలు వ్యాసాలు ఏ తెలుగులో రాయాలన్నది తేల్చడానికి మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో ఆయనా ఉన్నారు. ఎక్కువమంది గ్రాంథికమే ఉండాలన్నారు. ఆయన అలిగి లేచి వచ్చెయ్యలేదు, నలుగురితో పాటు సంతకం పెట్టి ఊరుకోనూ లేదు. తనకెందుకు సమ్మతం కాదో ఉదాహరణలతో సహా విడిగా రాసి ఇచ్చారు. అదే 1914 నాటి అసమ్మతి పత్రం. మరుసటి ఏడాది ఆయన పోయారు. అప్పటికి గెలిచింది అవతలి పక్షమే. ఆ పత్రంలో నన్ను కట్టిపడేసేది కోపం కాదు, ఆయన చూపించిన ఓపిక. ఈసారి ఆదివారం ఔటింగ్‌కి వదిలితే ఆ ఇల్లు చూసి రా.

ఇక మార్కుల మాట. మాక్స్ రింగెల్మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మనుషులచేత తాడు లాగించి బలం కొలిచాడు. 1913లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. ఒక్కడే లాగినప్పటి బలం 100 అనుకుంటే, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు తలా 49 దగ్గరే ఆగిపోయారు. అందరూ ఒకేసారి లాగకపోవడం వల్ల కొంత పోతుంది, నిజమే. కానీ తర్వాత 1974లో ఇంకొందరు, మనిషి కళ్లకు గంతలు కట్టి, వెనక ఇంకా మనుషులున్నారని నమ్మించి, ఒక్కడిచేతే లాగించారు. అప్పుడూ బలం తగ్గింది. పక్కన ఎవరో ఉన్నారనుకుంటేనే చెయ్యి వదులవుతుందన్నమాట. మరి కొన్నాళ్లకు కేకలు వేయించి చూసిన ప్రయోగాల్లో, ఎవరి గొంతు ఎంతో విడిగా తెలిసిపోతుందని చెప్పేసరికి ఎవరూ తగ్గించలేదు.

ఇది చదివినప్పుడు నాకు పొందూరులో అమ్మమ్మ పనే గుర్తొచ్చింది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకులు చేసి, ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతుంది కదా. ఒక్క పంచెలో ఎంతమంది ఆడవాళ్ల నూలు పడుతుందో! అయినా ఎవరి చిలపలు వాళ్లవే, ఎవరి లెక్క వాళ్లదే. మధ్యలో దారం లావైతే మగ్గం దగ్గర తెలిసిపోతుంది. అమ్మమ్మ ఒక్కనాడూ "ఇంతమంది నూల్లో నాదెవరు చూస్తారు" అనలేదు. చీకటి పడ్డాక వడికితే దారం సన్నం రాదని లేచిపోయేది గానీ, ఎలాగో ఒకలా లెక్క నింపేది కాదు.

అందుకే నా క్లాసులో చార్టు కింద ఎవరు ఏం చేశారో రాయమంటాను. అందరికీ ఒకే మార్కు వెయ్యడం నాకు నచ్చదు. మీ టీచరుగారు అడగకపోయినా మీరే రాసుకోవచ్చు. ఇంకో పని చెయ్యి. అందరూ కూర్చోకముందే నువ్వొక్కదానివీ పది నిమిషాలు నోట్‌బుక్ తీసి, ఈ విషయంలో నాకేం తెలుసు, ఏం తెలుసుకోవాలనుంది అని రాసుకో. ఆ రెండో దానిలోంచే నీ వంతు ఎంచుకో. నీకు తెలుసుకోవాలని ఉన్నదాన్ని చెయ్యమని ఎవరూ వెనకపడి చెప్పక్కర్లేదు. అలాగని మిగతా ఐదుగురి పనీ నెత్తినేసుకోకు. నువ్వు ఆ రకం కూడా, నాకు తెలుసు. వాళ్లు నేర్చుకోవలసింది నువ్వు లాక్కున్నట్టవుతుంది.

శనివారం నాన్న వస్తున్నారు. అట్లాసు, రెండు లాంగ్ నోట్‌బుక్కులు, కొంచెం జీడిపప్పు పంపిస్తున్నాను. తర్వాతి ప్రాజెక్టు ఏమిటో, అందులో నువ్వు ఏ భాగం తీసుకున్నావో రాసి నాన్నతో పంపించు. టీచరుగారితో చెప్పి ఆ చార్టులో నాగావళిని దిద్దారా లేదా, అది కూడా రాయి.

అమ్మ