ఒకటో తారీఖు నుంచి మన కొట్లో మార్పులు

అమ్మలకీ అన్నలకీ నమస్కారం. మూడు మార్పులు చేస్తున్నాను. ఊరికే బోర్డు రాసి పెడితే బాగోదని వివరంగా చెబుతున్నాను.

విజయవాడలో మన కిరాణా కొట్టుకి ఒకపక్క పటమట అపార్ట్‌మెంట్లు, ఇంకోపక్క ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్ళు, వెల్డర్లు. 2020 మార్చికి ముందు రెండు వైపుల నుంచీ నెల సరుకుల చీటీలే వచ్చేవి. లాక్‌డౌన్ పడగానే అపార్ట్‌మెంట్ల వాళ్ళు రెండు నెలల సరుకులు ఒకేసారి పట్టుకెళ్ళారు. షెడ్లు మూతపడి ఆటోనగర్ వాళ్ళు పావు కిలోలకి దిగారు. కార్డు మీద మనిషికి 5 కిలోల ఉచిత బియ్యం వచ్చింది గానీ, పప్పూ నూనే అరువు మీదే నడిచాయి.

ఆ మొదటి వారం కందిపప్పు మీద కిలోకి పది రూపాయలు ఎక్కువ వేశాను. సరుకు రావట్లేదన్నాను. వచ్చింది, వెనక గదిలోనే ఉంది.

తర్వాత పనులు తిరిగొచ్చాయి, నెల చీటీలు మాత్రం రాలేదు. పిల్లల ఆన్‌లైన్ క్లాసులకని వాయిదాల మీద ఫోను కొన్న ఇంట్లో ముందు వాయిదా, తర్వాత రీచార్జి, మిగిలితే నా గల్లాకి. తప్పు పట్టను, పనికి పిలుపొచ్చేది కూడా ఆ ఫోనుకే. 2022లో యుక్రెయిన్ యుద్ధమప్పుడు సన్‌ఫ్లవర్ నూనె లీటరు 200 దగ్గరికెళ్తే పామాయిల్‌కి మారినవాళ్ళు చాలామంది ఇంకా దాంతోనే ఉన్నారు. అపార్ట్‌మెంట్ల వాళ్ళకి సరుకులు యాప్‌లో వస్తున్నాయి. అగ్గిపెట్టె మర్చిపోతే నేను గుర్తొస్తాను.

2022-23 కేంద్ర సర్వేలో మన రాష్ట్రం పట్టణాల్లో మనిషి ఖర్చు నెలకి సగటున 6,782 రూపాయలని తేలింది. నలుగురుంటే 27 వేల పైనే. ఆ సగటు మనిషి మా కొట్టుకి ఒక్కసారీ రాలేదు.

ఇక మార్పులు. పావు కిలో కొంటే రెండు రూపాయలు ఎక్కువ తీసుకునేవాణ్ణి. అంటే కిలోకి ఎనిమిది, అదీ తక్కువ కొనేవాళ్ళ దగ్గర. మా ఆవిడ లెక్కేసి చూపించేదాకా నాకు తట్టలేదంటే నమ్మరేమో. ఇకమీదట పావుకీ కిలో రేటే. ఇంటికి ఉచితంగా పంపడం 500 దాటిన సరుకులకే. అరువు మూడు వేల వరకే, అంతకుమించితే హోల్‌సేల్ వాళ్ళకి నేను కట్టలేకపోతున్నాను.

2020 పుస్తకంలో మిగిలిన పద్దులు కొట్టేశాను. మా కొట్టు కనబడగానే పక్కవీధి చుట్టూ తిరిగెళ్తున్నవాళ్ళు నేరుగా రండి. రాత్రి తొమ్మిదిన్నర దాకా తీసే ఉంటుంది.